దగ్గని అమ్మ, చప్పట్లు కొట్టని అమ్మాయి

వాన పైనుంచి కురుస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాటక సమాజం ప్రెసిడెంటుగారికి మాత్రం ఆ రోజు ఒకరు గుర్తు చేయాల్సి వచ్చింది.

గుర్తు చేసింది ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చిన సర్వేయరమ్మాయి. తలమీద హెల్మెట్, చేతిలో టార్చి, భుజానికి సంచి. పెద్ద వానకు కప్పు కారిపోయి రిహార్సల్ హాల్లో తెరలూ సెట్టింగులూ నానిపోయాయని సమాజం వాళ్లు క్లెయిమ్ పెట్టారు. నష్టం నిజంగా ఎలా జరిగిందో చూడడం ఆ అమ్మాయి ఉద్యోగం.

అమ్మాయి హెల్మెట్ అద్దం పైకెత్తి కప్పు చూసింది. తెర చూసింది. మోకాళ్ల మీద కూర్చుని తెర అంచు చేత్తో పిండి చూసింది.

"సార్, వాన పైనుంచే కదా కురుస్తుంది?"

"అదేం ప్రశ్నమ్మా?" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆయనకు పెద్ద చెప్పుల షాపు ఉంది. జీవితంలో ఎవరి మాటా పూర్తిగా వినకుండానే అంత పైకొచ్చారు.

"తెర మీద మరక కిందనుంచి పైకి ఎక్కింది సార్. పైభాగం పొడిగా ఉంది. కప్పు ఇంకా పొడిగా ఉంది. అంటే నీళ్లు నేల మీంచి వచ్చాయి." టార్చి తిప్పింది. స్టేజీ వెనక గోడవారన చుట్టగా పడున్న ఆకుపచ్చ రబ్బరు పైపు మీద వెలుగు పడింది. "ఈ పైపు ఎందుకు?"

అందరూ ఒకేసారి ఒక మూలకు చూశారు. ఆ మూలలో నిలబడినవాడే మన కుర్రాడు. పగలంతా ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాడు. సాయంత్రాలు నాటకాలు రాస్తాడు, తనే ఆడిస్తాడు. సమాజంలో అందరూ 'రచయితగారు' అంటారు. అలా అని అనీ అతని మెడ కాస్త నిక్కిపోయింది.

"నాటకంలో వాన సీను ఉందండీ," అన్నాడు. "చివర్లో. అమ్మ చనిపోయేటప్పుడు."

"రిహార్సల్ అయ్యాక పంపు కట్టేశారా?"

రచయితగారు నీళ్లు నమిలాడు. "ఆ రోజు అందరం చాలా ఎమోషనల్ అయిపోయామండీ."

"అంటే కట్టలేదు."

"ఏడుస్తూ ఇళ్లకు వెళ్లిపోయాం."

అమ్మాయి పైపు దగ్గరకు నడిచింది. ఫోనులో పైపు ఫోటో తీసుకుంది.

ప్రెసిడెంటుగారికి అప్పుడో ఐడియా వచ్చింది. "క్లెయిమ్ సంగతి తర్వాత చూద్దువుగానమ్మా. ముందు మా నాటకం చూడు. చూశాక మాకు వ్యతిరేకంగా రాయడానికి నీ చెయ్యే ఆడదు."

నాటకం పేరు 'అమ్మ ఒక మంచుకొండ'. అమ్మ వేషం వేసేది పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుగా పనిచేసే ఆవిడ. తెర లేవక ముందే దగ్గు మొదలుపెడుతుంది. మొదటి సీనులో కొడుకు అలిగి ఇల్లు వదిలిపోతాడు. రెండో సీనులో అమ్మ ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటుంది. మూడో సీనులో ఉట్టి దగ్గు. నాలుగో సీనులో కొడుకు ఫోటో చేతిలోకి తీసుకుని "చిక్కిపోయావురా నాన్నా!" అంటుంది. హాలంతా గొల్లుమంటుంది. ఆ తర్వాత పైపు వాన, చావు, తెర.

నాటకం అవగానే సమాజం ఆనవాయితీ ఒకటుంది. పేరు 'మంచిమాట రౌండు'. అందరూ గుండ్రంగా నిలబడి తలా ఒక మంచిమాట చెప్పాలి. చెడ్డమాట చెప్పకూడదు. కళను అనుభవించాలి గానీ విమర్శించకూడదని ప్రెసిడెంటుగారి రూలు.

"గుండె పిండేశారు."

"నా కర్చీఫు చూడండి, పిండితే చెంబెడు నీళ్లొస్తాయి."

"నాకైతే మాటల్లేవు." ఈయన మాటల్లేవని చెప్పడానికి చాలాసేపు మాట్లాడాడు.

వాళ్ల మంచిమాటలకు అంత విలువివ్వక్కర్లేదు. ప్రెసిడెంటుగారి మనవడు గీసిన బాతు బొమ్మకూ ఇవే మాటలు చెప్పారు. అది బాతని వాడు చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు, అది వేరే సంగతి.

రౌండు తిరిగి తిరిగి సర్వేయరమ్మాయి దగ్గరకు వచ్చింది.

"నాకో డౌటు," అంది. "ఆవిడకు రెండో సీనులో చూపు పోయింది కదా?"

"పోయింది!" అన్నారు ప్రెసిడెంటుగారు, ఆ చూపు తనే పోగొట్టినంత గర్వంగా.

"మరి నాలుగో సీనులో ఫోటో చూసి చిక్కిపోయావు అంది. ఎలా తెలిసింది?"

కర్చీఫులన్నీ కళ్ల దగ్గరే ఆగిపోయాయి.

అమ్మ వేషం ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యయ్యో, నిజమే! ఇన్ని ఊళ్లలో వేశాను, ఆ మాట అన్నప్పుడల్లా నేనూ ఏడ్చాను గానీ..."

చూడండి మరి. ఎన్ని షోలు పడ్డాయి, ఎన్ని బహుమతులొచ్చాయి! ఒక్కరికి కనపడలేదు. కళ్లనిండా నీళ్లు నింపుకుని కూర్చుంటే ఎదురుగా ఏం జరుగుతోందో ఎలా కనపడుతుంది?

రచయితగారి మొహం ఎర్రబడింది. "తల్లి మనసుతో చూస్తుందండీ."

"మనసుతో చూసేదానికి ఫోటో ఎందుకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి ఒళ్లు మండిపోయింది. "మీకు హృదయం లేదండీ."

"ఉందండీ. అందుకే పాపం ఆవిడకు కనపడుతోందో లేదోనని కంగారుపడ్డాను. ఆ కంగారు మీకే లేదు." సంచి సర్దుకుంది. "ఇంకోటి. అమ్మ మంచుకొండ ఎందుకు?"

"అంటే... చల్లగా ఉంటుంది. కరిగిపోతుంది."

"మా అమ్మ చల్లగా ఉండదండీ. మీ అమ్మ ఉంటుందా?"

అతను నోరు తెరిచాడు. తెరుచుకునే నిలబడ్డాడు. అమ్మాయి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, హెల్మెట్ అద్దం టప్పున కిందికి దించుకుని వెళ్లిపోయింది.

తన మొహం మీద తలుపు వేసినట్టే అనిపించింది రచయితగారికి.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి మరీ ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లాడు. అంత పొగరున్న మనిషికి గట్టిగా జవాబు చెప్పకపోతే తిన్నది అరిగేలా లేదు.

అమ్మాయి బల్ల మీద విరిగిన కారు అద్దం ఒకటి, దాని పక్కన సొట్టలు పడ్డ బండ్ల ఫోటోలు, ఒక చివర హెల్మెట్ ఉన్నాయి.

"క్లెయిమ్ గురించా?"

"కాదండీ. ఆ ఫోటో గురించి. అది ప్రతీక."

"ప్రతీక అంటే తప్పు దొరికినప్పుడు వేసుకునే రెయిన్‌కోటా?"

రాత్రంతా తయారుచేసుకున్న జవాబు ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. రెండోది బయటికి తీశాడు. "కళను అలా పోస్టుమార్టం చెయ్యకూడదండీ."

"పోస్టుమార్టం పోయినవాళ్లకు చేస్తారు. మీ నాటకం బతికుందనుకునే కదా ప్రశ్నలడిగాను!"

"ప్రశ్నలడిగితే ఫీల్ పోతుంది."

"అడిగితే పోయే ఫీల్ ఎంతసేపు ఉంటుందండీ? పంపు కట్టడం మర్చిపోయేంతసేపా?"

అతను కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

అమ్మాయి ఒక ఫోటో అతని ముందుకు తోసింది. ఒక పక్కంతా నలిగిపోయిన కారు. "దీన్ని చూసి అందరూ ఏమంటారు?"

"అయ్యో అంటారు."

"అయ్యో అన్నాక ఇంకెవరూ వంగి చూడరు. నా పనే వంగి చూడడం. బండి ఎటునుంచి వచ్చింది, బ్రేకు వేశాడా, చివరి క్షణంలో స్టీరింగ్ ఎటు తిప్పాడు. ఈ కారాయన కుడివైపు డివైడరు మీదికి తిప్పాడు. తిప్పితే దెబ్బ తనవైపు తగులుతుందని తెలిసి కూడా. ఎందుకంటే ఎడమవైపు భార్య కూర్చుంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సొట్ట చెప్పింది."

రచయితగారు ఫోటో వంక చూశాడు. ఇప్పుడది మామూలు నలిగిన రేకులా లేదు.

"ఇద్దరూ బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. కారు ఎందుకు గుద్దావని ఆవిడ ఇంకా తిడుతోంది." ఫోటో వెనక్కి తీసుకుంది. "మీ నాటకంలో అయ్యో చాలా ఉందండీ. మనిషే కనపడలేదు."

"అయితే మీరే వచ్చి చూపించండి!" అనేశాడు రోషంగా. "ప్రతి శనివారం రిహార్సల్ ఉంటుంది."

"టీ ఇస్తారా?"

"ఇస్తారు."

"బాగుంటుందా?"

"మాటల్లేవండీ."

అమ్మాయి హెల్మెట్ అందుకుంది. ఎక్కడికో సర్వేకు పోవాలట. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆఫీసులో ఉండగానే అద్దం టప్పున దించేసుకుంది.

'ఇంత పొగరా!' అనుకున్నాడు. ఆ శనివారం మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు.

*

సమాజంలో ఆ అమ్మాయికి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టేశారు. వస్తుంది, వెనక కుర్చీలో కూర్చుంటుంది, టీ తాగుతుంది, చప్పట్లు కొట్టదు. మంచిమాట రౌండులో ఒక్క ప్రశ్న వేస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు రచయితగారు వారమంతా కొట్టుకుంటాడు.

"ఆవిడ దగ్గుతూనే ఉంది కదా, ఒక్కరైనా మందెందుకు తేలేదు?"

"కొడుకు ఎందుకు అలిగాడు? మీకైనా తెలుసా?"

తెలియదు. నిజంగానే తెలియదు. కొడుకు అలగకపోతే నాటకం మొదలవ్వదు కాబట్టి అలిగాడు.

ఒక శనివారం రిహార్సల్ అయ్యేసరికి వాన దంచికొడుతోంది. అమ్మాయి స్కూటరు ఎన్నిసార్లు తన్నినా కదల్లేదు. ఆమె తడుస్తోంది. గొడుగు లేదు కాబట్టి అతనూ పక్కన నిలబడి ఊరికే తడుస్తున్నాడు.

ఇంతలో చెవులు పగిలేలా హారన్ మోగింది. పొడుగాటి స్కూలు వ్యాను ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు సీట్లోంచి ఒకావిడ తల బయటపెట్టింది. చేతులకు గ్లోవ్స్, మెడలో విజిలు.

"ఒరేయ్! గొడుగు పట్టుకెళ్లమంటే చెవికెక్కదా? ఎవరా అమ్మాయి? ఎక్కమ్మా ఎక్కు, స్కూటరు ఎక్కడికీ పోదులే."

ఇద్దరూ ఎక్కారు. ఆవిడ ముందున్న కారువాణ్ణి ఒక తిట్టు తిట్టి, దారి ఇచ్చిన సైకిలువాణ్ణి మెచ్చుకుని, ఒంటిచేత్తో వ్యాను తిప్పేసింది.

అమ్మాయి అతని చెవి దగ్గరకు వంగింది. "ఈవిడ...?"

"మా అమ్మ."

అమ్మాయి ఆవిడను చూసింది. అతన్ని చూసింది. మళ్లీ ఆవిడను చూసింది.

"మరి నాటకంలో దగ్గేది ఎవరండీ?"

ముందు సీట్లోంచి పకపకా నవ్వు వినపడింది. "అలా అడుగమ్మా! రాసిన ప్రతి నాటకంలోనూ చంపేశాడు నన్ను. క్షయ, గుండెపోటు, ఆకలి... ఒకసారైతే పిడుగు పడింది. నాకేమో జలుబు కూడా చెయ్యదు."

"అమ్మా!" అన్నాడు రచయితగారు. "నువ్వెప్పుడూ బాగుందనేదానివిగా?"

"ఏం చెయ్యను మరి? 'ఎలా ఉందమ్మా' అంటావు. బాగుందనేదాకా నా మొహంలోకే చూస్తూ నిలబడతావు. అవతల పాలు పొంగిపోతుంటాయి."

"నాకు నిజం చెప్పొచ్చుగా!"

"నువ్వు నిజం అడగలేదుగా. మెచ్చుకోమని అడిగావు." వ్యాను స్పీడు బ్రేకరు ఎక్కి దిగింది. "మీ స్టేజీ మీద అమ్మ వచ్చినప్పుడల్లా ఎవరీవిడ పాపం అనుకుంటాను. మా ఇంటికి ఎప్పుడూ రాలేదే అని."

అతనికి మాటల్లేవు. ఈసారి నిజంగానే.

అమ్మాయి దిగేటప్పుడు "థాంక్స్ ఆంటీ" అంది. అతని బిక్కమొహం చూసింది. అద్దం టప్పున దించుకుని వానలో గబగబా వెళ్లిపోయింది.

"హెల్మెట్ పెట్టుకుని నడుస్తుందేంట్రా ఈ పిల్ల?" అంది అమ్మ.

"పొగరమ్మా," అన్నాడు, చాలా బాధగా.

*

ఆ వారంలో అతను ట్రావెల్స్‌లో ఎవరికి ఏ ఊరి టికెట్లు ఇచ్చాడో అతనికే తెలియదు. ఇంట్లో మాత్రం మొదటిసారి వాళ్లమ్మను చూశాడు. పొద్దున్నే టైర్లు తన్ని చూస్తుంది. బండి ఎక్కే ముందు మూడు అద్దాలూ తుడుస్తుంది. పిల్లలందరూ దిగాక కూడా ఒకసారి వెనకదాకా నడిచి ప్రతి సీటు కిందా చూస్తుంది, ఎవరైనా నిద్రపోయారేమోనని. ఎప్పట్నుంచి చేస్తోంది ఇదంతా? అడిగితే ఆవిడ నవ్వింది. "నువ్వు పుట్టకముందు నుంచి."

నాటకం మొత్తం తిరగరాశాడు. మంచుకొండ పోయింది, దగ్గు పోయింది. అమ్మ వ్యాను నడుపుతుంది, చావదు.

ప్రెసిడెంటుగారికి చిర్రెత్తుకొచ్చింది. "పోటీలు ముందర పెట్టుకుని ఇదేం పనయ్యా! ఏడుపు లేని అమ్మని ఎవరు చూస్తారు? జడ్జీలకి ఏం ఇస్తాం, పెట్రోలా?"

"ఒక్కసారి చూడండి సార్."

"చూసేదేముంది? ఆడించుకో. బహుమతి రాకపోతే మాత్రం ఈ హాల్లో నీ నాటకం ఇంక పడదు. ఈ మాట గుర్తుపెట్టుకో."

ఆ హాలు తప్ప అతనికి ఇంకో చోటు లేదు. అయినా రిహార్సల్ మొదలుపెట్టాడు.

అందులో ఒక చిన్న సీను ఉంది. గుమ్మం దగ్గర అమ్మ గొడుగు పట్టుకెళ్లు అంటుంది. కొడుకు వద్దంటాడు. ఆవిడ తలుపుకు ఆనించి పెడుతుంది. కొడుకు దాన్ని దాటుకుని పోతాడు. ఆవిడ కాసేపు గొడుగును చూసి, తీసి లోపల పెట్టుకుంటుంది. అంతే.

సీను అయిపోగానే వెనక కుర్చీలోంచి ఆ అమ్మాయి గొంతు వినపడింది. "ఇది బాగాలేదు. తీసెయ్యండి."

"ఎందుకు?" అన్నాడు అతను.

అమ్మాయి తడబడింది. "అంటే... అందులో ఏం జరగదు."

"ఏం జరగకపోతే మీకెందుకు ఇబ్బంది?"

"ఇబ్బందేం లేదు. బాగాలేదు, అంతే."

"అంతేనా?" అతనికి ఇన్నాళ్ల ఉడుకుమోత్తనం పొంగింది. "వాళ్లు 'బాగుంది, అంతే' అంటే మీరు ఊరుకోలేదే! ఊరికే బాగుందనడం వాళ్లకు సుఖం, ఊరికే బాగాలేదనడం మీకు సుఖం. ఇది కూడా మంచిమాట రౌండే మేడమ్. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, అంతే తేడా."

అమ్మాయి మొహం పాలిపోయింది. లేచి హెల్మెట్ పెట్టుకుని బయటికి నడిచింది. బయట చినుకులు పడుతున్నాయి.

అద్దం దించలేదు. మొహం మీద చినుకులు పడుతున్నా దించలేదు.

అది చూసి రచయితగారు గుమ్మంలోనే ఆగిపోయాడు. కోపం వచ్చిన రోజు అద్దం దించలేదంటే, ఇన్నాళ్లూ దించింది దేనికి? హాల్లో మొదటిరోజు తను నోరు తెరుచుకుని నిలబడ్డాడు, దించింది. ఆఫీసులో టీకి మాటల్లేవన్నాడు, దించింది. వ్యానులో తన మొహం మాడిపోయింది, దించింది...

అతను తలుపు దగ్గరున్న నాటకం గొడుగే తీసుకుని గేటు దగ్గరకు పోయి నిలబడ్డాడు. టీ అబ్బాయి వచ్చి పిలిచినా కదల్లేదు. వస్తుందని నమ్మకం ఏమీ లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోయే మనిషి కాదని మాత్రం తెలుసు.

చాలాసేపటికి స్కూటరు తిరిగొచ్చింది.

"చెప్తాను," అంది దిగకుండానే. "మా అమ్మ రోజూ చేరాక మెసేజ్ పెట్టమంటుంది. నేను పెట్టను. చిన్నపిల్లనా అంటాను. ఆ సీనులో ఆవిడ గొడుగు లోపల పెట్టుకుంటుంటే నాకు టీ గొంతు దిగలేదు. నేనేమో మీ నాటకంలో తప్పు వెతుకుతున్నాను, అది నాలో తప్పు వెతికింది. దొరికిపోయానని చిరాకేసి బాగాలేదు అనేశాను." ఊపిరి తీసుకుంది. "అది బాగుంది. మీరు రాసినవాటిలో అదొక్కటే బాగుంది. ఎందుకంటే అందులో ఎవరూ నన్ను ఏడవమని అడగలేదు."

ఇన్నేళ్లలో అతనికి వచ్చిన కప్పులూ షీల్డులూ అన్నీ కలిపినా ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి.

"మరి మెసేజ్ పెట్టారా?"

"ఇప్పుడే ఆ మలుపులో ఆగి పెట్టాను. వెంటనే ఫోన్ చేసి 'ఏమైందే, యాక్సిడెంటా?' అని ఒకటే ఏడుపు."

అతను పడీపడీ నవ్వాడు. టప్పున అద్దం కిందికి దిగింది. ఈసారి అతను వంగి చూశాడు. అద్దం వెనక కళ్ల పక్కన చిన్న చిన్న మడతలు.

*

పోటీల రోజు జడ్జీలు ముగ్గురూ ముందువరసలో కర్చీఫులు మడతపెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. పాపం, వాటితో పనిపడలేదు.

జనం మాత్రం నవ్వారు. స్టేజీ మీద అమ్మ కారువాణ్ణి తిడుతుంటే విజిల్స్ వేశారు. గొడుగు సీనులో హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ప్రెసిడెంటుగారు కరెంటు పోయిందనుకుని లైట్ల వంక చూశారు.

తర్వాత వ్యాను వెనక్కి తీసే సీను వచ్చింది. హాలు మధ్యలోంచి ఒక గొంతు ఖంగుమంది.

"రివర్స్ అలా తియ్యరమ్మా! ముందు అద్దంలో చూడు! వెనక పిల్లలుంటారు!"

జనం ఘొల్లుమన్నారు. అమ్మ వేషం ఆవిడ తొణకలేదు. "సరే అక్కా!" అని, అద్దంలో చూసి, మళ్లీ తీసింది. చప్పట్లు మోగిపోయాయి.

తెర పక్కన నిలబడ్డ రచయితగారికి కళ్లు చెమ్మగిల్లాయి. వాళ్లమ్మ అతని నాటకంలో మొదటిసారి తప్పు పట్టింది. అంటే మొదటిసారి చూసింది.

బహుమతి రాలేదు. నాటకం బాగానే ఉంది గానీ అమ్మలో అమ్మతనం తక్కువైందని జడ్జీగారు మైకులో సెలవిచ్చారు. మొదటి బహుమతి వేరే ఊరివాళ్ల నాటకానికి పోయింది. అందులో నాన్న దగ్గుతాడు.

ప్రెసిడెంటుగారు మేకప్ రూములోకి వచ్చారు. అందరూ తలలు వంచుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి గుమ్మందాకా పోయి వెనక్కి వచ్చారు.

"అవునూ, ఆ గొడుగు చివరికి ఎవరు తీసుకెళ్లారయ్యా? ఆ కుర్రాడు తడిశాడా, లేదా?"

ఆయన జీవితంలో వేసిన మొదటి ప్రశ్న అది. అడిగి, జవాబు కోసం ఆగారు కూడా.

"శనివారం రిహార్సల్‌లో మాట్లాడుకుందాం సార్," అన్నాడు రచయితగారు.

"ఊ," అన్నారాయన. "హాలు తాళం నేనే తీసి ఉంచుతాలే."

*

బయట మళ్లీ వాన. అమ్మాయి స్కూటరు మెకానిక్ దగ్గరుంది, అందుకని వ్యానులో వచ్చింది. చూరు కింద ఒక్కతే నిలబడింది. అతను పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీరు నా జీవితంలోకి వాన చినుకులా..."

"ఏ వానండీ? పైపుదా?"

"ఉండండి, మళ్లీ మొదలుపెడతాను." మొహం తుడుచుకున్నాడు. "మీరు రాని శనివారం ఒకటి ఉంటుందేమోనని తలుచుకుంటే భయమేస్తోంది."

"ఎందుకు?"

"మీరంటే ఇష్టం కాబట్టి."

"ఇది బాగుంది," అంది అమ్మాయి మెల్లగా. "చిన్నగా ఉంది. మీరే రాసినట్టుంది. నాక్కూడా..."

హారన్ మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడి వెళ్లి వ్యానెక్కారు. అమ్మాయి ముందు సీట్లో, అతను వెనక. అద్దంలోంచి వాళ్లమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. బండి స్టార్ట్ చెయ్యలేదు.

"ఏంటి సంగతి?"

"అమ్మా, మేమిద్దరం..."

"అది కనపడుతోందిలే. అమ్మాయ్, మావాడు నీకెందుకు నచ్చాడు? మంచివాడు అన్నావో, ఇక్కడే దింపేస్తా."

అమ్మాయి ఆలోచించింది. "నేను తప్పు మాటన్న రోజు ఎందుకని అడిగారాంటీ. అడిగి ఊరుకోలేదు. జవాబు వచ్చేదాకా గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు."

"వీడా? గొడుగా?" ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "కూర్చో. బెల్టు పెట్టుకో." వ్యాను స్టార్ట్ అయింది. "నీకెందుకు నచ్చిందిరా?"

"ఆవిడ కళ్లు నక్షత్రా..."

బ్రేకు పడింది. "దిగు."

"అమ్మా, వాన!"

"దిగి ఆలోచించు."

దిగాడు. వ్యాను నడక వేగంతో కదిలింది. అతను కిటికీ పక్కన తడుస్తూ నడుస్తున్నాడు.

"అందరూ ఏడ్చినప్పుడు నా నాటకం ఎవరూ చూడలేదమ్మా. ఈవిడ చూసింది!"

"అది నీ నాటకం గురించి. నేనడిగింది పిల్ల గురించి. నడు."

ఇంకొంచెం దూరం నడిచాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"అమ్మా, ఈవిడకు నవ్వొస్తే హెల్మెట్ అద్దం దించేసుకుంటుంది. ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని నవ్వు దాచుకుంటుంది. నేను చాలారోజులు పొగరనుకున్నాను. వంగి చూస్తే గానీ తెలియలేదు."

వాళ్లమ్మ పక్క సీట్లోకి చూసింది.

అమ్మాయి చెయ్యి గబుక్కున నుదుటి మీదికి పోయింది, అద్దం దించుకోవడానికి. ఆ రోజు హెల్మెట్ లేదు. వేళ్లు గాల్లో తడుముకుని అక్కడే ఆగిపోయాయి. మొహమంతా నవ్వు, దాచుకోవడానికి చోటు లేదు.

ఆవిడ వ్యాను ఆపి, వెనక తలుపు తెరిచింది.

"ఎక్కరా," అంది. "తల తుడుచుకో."